మర్యాద దక్కని అల్లుడు: ‘ఈజీ మనీ’ (1983)

ముందే చెప్పేస్తున్నా, ఇది గొప్ప సినిమా కాదు. పెద్దవాళ్ళనీ పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టుకుని చూసే సినిమా అసలే కాదు. అమెరికాలో దీనికి ‘ఆర్’ రేటింగ్ ఇచ్చారు, తీసినవాళ్ళు ఆ రేటింగ్‌కి ఎక్కడా అన్యాయం చెయ్యలేదు. తాగుడు, సిగరెట్లు, గంజాయి, జూదం, కడుపు పగిలేంత తిండి, పరాయి ఆడవాళ్ళ వంక గుడ్లప్పగించి చూడటం, అన్నీ గంటన్నరలో సర్దేశారు. బూతు జోకులున్నాయి, బూతు కూడా కాని చచ్చు జోకులు అంతకంటే ఎక్కువున్నాయి. అయినా నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి ఇందులో హీరోగా వేసిన కమెడియన్ రాడ్నీ డేంజర్‌ఫీల్డ్ కోసం చూశాను. రెండోసారి, ఇంత మంచి పాయింటు చేతిలో పెట్టుకుని కథ ఎక్కడ జారిపోయిందో పట్టుకుందామని చూశాను. దొరికిందనే అనుకుంటున్నా.

కథ చిన్నదే. మాంటీ కాపులెట్టి అని ఒకడు, న్యూయార్క్‌లో స్టాటెన్ ఐలాండ్‌లో ఉంటాడు, చిన్నపిల్లలకి ఫొటోలు తీసి బతుకుతాడు. పని మీద ధ్యాస తక్కువ, స్నేహితులు, మందు, పేకాట మీద ఎక్కువ. భార్య రోజ్ మంచిది, వీడన్నా ప్రేమే. చిక్కంతా అత్తగారితో. మిసెస్ మోనహన్ అని, పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరుకి యజమానురాలు, ఆవిడకి డబ్బుకీ లోటు లేదు, అల్లుడి మీద అసహ్యానికీ లోటు లేదు. ఒకరోజు ఆవిడ ఎక్కిన విమానం కూలిపోయిందని కబురొస్తుంది. వీలునామా తెరిచి చూస్తే కోటి డాలర్ల ఆస్తి వీళ్ళకే రాసింది, కానీ తోక ఒకటి తగిలించింది. అల్లుడుగారు ఏడాది పాటు మందు, సిగరెట్, గంజాయి, జూదం మానెయ్యాలి, తిండి కట్టేసి ఒళ్ళు తగ్గించాలి. ఎక్కడ తప్పినా చిల్లిగవ్వ రాదు. 1983లో కోటి డాలర్లంటే పిల్లల ఫొటోలు తీసుకునేవాడు పది జన్మలెత్తినా చూడలేని డబ్బు.

ఈ పాయింటు మనకి ఎందుకు తమాషాగా ఉంటుందంటే, అల్లుడంటే మన ఇళ్ళల్లో ఉండే లెక్క వేరు. జామాతా దశమో గ్రహః అని లోపల తిట్టుకుంటూనే నేతిగిన్నె అతని విస్తరి వైపు జరుపుతారు. అతను తాగొచ్చినా ‘కాస్త అలసిపోయాడు’ అంటారు. మన సినిమాలు కూడా ఎనభైల చివర, తొంభైల్లో ఇదే పిండిని మళ్ళీ మళ్ళీ రుబ్బాయి. డబ్బున్న పొగరుబోతు అత్త, ఆవిడ కూతుర్ని చేసుకుని ఆ పొగరు దించే అల్లుడు. 1989లో వచ్చిన ‘అత్తకు యముడు అమ్మాయికి మొగుడు’లో వాణిశ్రీ, చిరంజీవి ఎదురూ బొదురూ నిలబడితే మనం ఎవరి పక్షమో వేరే చెప్పక్కర్లేదు కదా. ‘ఈజీ మనీ’ ఆ ఫార్ములాని చొక్కా తిరగేసినట్టు తిరగేసింది. ఇక్కడ దారికి రావాల్సింది అల్లుడు, దారికి తెచ్చేది అత్త, అదీ తను చచ్చిపోయాక. మన అత్తలెవరికీ ఈ ఐడియా రాకపోవడం అల్లుళ్ళ అదృష్టం.

ఇక డేంజర్‌ఫీల్డ్ సంగతి. ఈయన గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే సినిమాలో ఉన్న నవ్వుల్లో ముప్పాతిక వంతు ఈయన మొహంలోనే ఉంది. అసలు పేరు జేకబ్ కోహెన్, పుట్టింది 1921లో. కుర్రతనంలోనే స్టేజీ ఎక్కాడు, జాక్ రాయ్ అని పేరు పెట్టుకున్నాడు, నడవలేదు. మానేసి ఇళ్ళ గోడలకి బయటివైపు బిగించే అల్యూమినియం రేకులు అమ్ముకున్నాడు. ‘నేను మానేశానన్న సంగతి తెలిసింది నాకొక్కడికే’ అని తర్వాత తన మీద తనే జోకు వేసుకునేవాడు. మళ్ళీ నలభై ఏళ్ళు దాటిన వయసులో కొత్త పేరుతో తిరిగొచ్చి, 1967లో టీవీలో ఎడ్ సలివాన్ షోలో కనబడ్డాక గానీ జనానికి తెలియలేదు. 1969లో న్యూయార్క్‌లో సొంత కామెడీ క్లబ్బు పెట్టాడు. ఈ సినిమా వచ్చేసరికి అరవై ఒకటి నడుస్తోంది. మామూలుగా హీరోలు తండ్రి పాత్రలకి కూడా పనికిరామనుకుని ఇంట్లో కూర్చునే వయసులో ఈయన హీరో అయ్యాడు.

ఆయన ఆట అంతా ఒక్క మాట మీద నడుస్తుంది, ‘నాకెవరూ మర్యాద ఇవ్వరు’ అని. పెళ్ళాం ఇవ్వదు, పిల్లలివ్వరు, డాక్టరివ్వడు, చివరికి కుక్క కూడా ఇవ్వదు. టై ముడి పట్టుకుని లాగుతూ, కళ్ళు బయటికొచ్చేలా పెట్టి, మెడ అటూ ఇటూ తిప్పుతూ, ఎవరో తరుముతున్నట్టు జోకు మీద జోకు చెబుతాడు. పెద్ద కథలుండవు, రెండేసి వాక్యాల జోకులు, మొదటిది వినగానే రెండోది వచ్చి తగులుతుంది. తెలుగులో ఈ రకం మనిషి ఎవరంటే పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర నిలబడి ‘నన్నెవరూ పిలవలేదు, అయినా వచ్చా’ అంటూ పది మందిని నవ్వించే బాబాయి ఒకడుంటాడు చూడండి, ఆయన. అలాంటి మనిషిని తీసుకొచ్చి అల్లుణ్ణి చేసి, మర్యాద అనేదే తెలియని అల్లుడికీ మర్యాద తప్ప ఇంకేమీ తెలియని అత్తకీ పోటీ పెట్టడం అనేది నిజంగా బంగారం లాంటి ఆలోచన. అత్తగా వేసిన జెరాల్డిన్ ఫిట్జెరాల్డ్ అల్లాటప్పా నటి కాదు, 1939 నాటి ‘వదరింగ్ హైట్స్’కి ఆస్కార్ నామినేషన్ అందుకున్న మనిషి. ఆవిడ ఈ సినిమాని కామెడీ అనుకుని చెయ్యలేదు, నిజంగానే ఆ అల్లుడంటే వాంతి వస్తున్నట్టు చేసింది. అందుకే ఆవిడ ఉన్న ప్రతి సీనూ పండింది. ఆవిడ ‘పోయాక’ సినిమాకి కలిగిన లోటు మాంటీకి కలగలేదు గానీ నాకు కలిగింది.

వీలునామా రావడానికి ముందు సినిమా చాలాసేపు తిరుగుతుంది, కూతురి పెళ్ళి అనీ, స్నేహితులనీ, తాగొచ్చి ఇంటికి చేరడాలనీ. కథ ఎప్పుడు మొదలవుతుందా అని మొదటిసారి విసుక్కున్నాను. రెండోసారి చూస్తే తెలిసింది, అసలు బాగున్నదే ఆ భాగం. మాంటీ, అతని స్నేహితుడు నిక్కీ కలిసి పెళ్ళి కేకు వ్యానులో తేవడానికి బయల్దేరే వరస ఒకటుంది, అది ఒక్కటే చాలు టికెట్ డబ్బులకి. ఇద్దరూ మంచి మైకంలో ఉంటారు, వెనకాల అంతస్తులంతస్తులుగా కేకు ఉంటుంది, దానికేమవుతుందో మీకు ఇప్పుడే తెలిసిపోయింది కదా, తెలిసినా నవ్వొస్తుంది. కామెడీలో ఇది పాత కిటుకు, పగలబోయే కుండని ముందే చూపించి, పగలడానికి టైము తీసుకోవడం. నిక్కీగా వేసింది జో పెషీ. ‘హోమ్ అలోన్’లో పిల్లాడి చేతిలో చావుదెబ్బలు తినే ఇద్దరు దొంగల్లో పొట్టివాడు, ఆయనే. దీనికి మూడేళ్ళ ముందు ‘రేజింగ్ బుల్’తో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళాడు, ఏడేళ్ళ తర్వాత ‘గుడ్‌ఫెల్లాస్’తో ఆస్కారే కొట్టాడు. మధ్యలో ఇక్కడ డేంజర్‌ఫీల్డ్ పక్కన తోకలా తిరిగే స్నేహితుడు. చిన్న పాత్రే అయినా వీళ్ళిద్దరూ పక్కపక్కన ఉంటే చిన్నప్పటి నుంచీ కలిసి చెడిపోయినవాళ్ళలాగే ఉంటారు. అది రాసిస్తే వచ్చేది కాదు.

సరే, వీలునామా తెరిచారు. ఇక్కడొక చిన్న పక్కదారి, ఇలాంటి షరతులు నిజంగా చెల్లుతాయా అని నాలాగే మీకూ అనుమానం రావచ్చు కాబట్టి. లా చదివినవాళ్ళకి హామర్ వర్సెస్ సిడ్‌వే అనే కేసు తెలిసే ఉంటుంది. వీలునామా కేసు కాదు గానీ దీనికి అన్నలాంటిది, జరిగింది కూడా న్యూయార్క్ రాష్ట్రంలోనే. 1869లో ఒక ఇంట్లో పెద్దవాళ్ళ పెళ్ళయి యాభై ఏళ్ళయిన సందర్భంగా చుట్టాలంతా చేరారు. ఆ పెద్దవాళ్ళ కొడుకు విలియం స్టోరీ అందరి ముందూ తన సోదరుడి కొడుకుతో ఒక పందెం లాంటిది వేశాడు. నీకు ఇరవై ఒకటి వచ్చేదాకా మందు, పొగాకు ముట్టకుండా, బూతులు తిట్టకుండా, డబ్బు పెట్టి పేకాట, బిలియర్డ్స్ ఆడకుండా ఉంటే 5,000 డాలర్లు ఇస్తానన్నాడు. కుర్రాడు ఉన్నాడు! 1875లో నాకు ఇరవై ఒకటి నిండాయి, డబ్బేదీ అని ఉత్తరం రాస్తే ఆయన సరేనన్నాడు గానీ, నా దగ్గరే ఉండనీ, వడ్డీ కూడా వస్తుందన్నాడు. ఇవ్వకుండానే 1887లో పోయాడు. ఆస్తి చూసేవాళ్ళు మొండికేశారు. తాగకపోతే బాగుపడింది ఆ కుర్రాడే కదా, దానికి మళ్ళీ డబ్బెందుకు అన్నారు. వాదన విని మా మావయ్య ఒకాయన గుర్తొచ్చాడు నాకు. అది కోర్టుకెక్కి, 1891లో పై కోర్టు తేల్చిందేమిటంటే, తాగడం, పొగ తాగడం ఆ కుర్రాడికి ఉన్న హక్కు, మాట మీద నిలబడి ఆ హక్కు వదులుకున్నాడు, కాబట్టి అది కూడా వెల కట్టదగ్గదే, డబ్బు కట్టండి అని. అంటే మానడం కూడా పనే అని కోర్టు ఒప్పుకున్నట్టు. (బూతుల షరతు మాంటీకి కూడా పెట్టి ఉంటే సినిమా అయిదు నిమిషాల్లో అయిపోయేది.)

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. మానడం కూడా పనే అని కోర్టుకి తెలిసింది గానీ ఈ సినిమా రాసినవాళ్ళకి తెలియలేదు. నలుగురు కూర్చుని రాశారు స్క్రిప్టు, డేంజర్‌ఫీల్డ్ కూడా అందులో ఉన్నాడు, ‘నేషనల్ లాంపూన్’ అనే హాస్య పత్రికని నడిపిన పి.జె. ఓరూర్క్ ఉన్నాడు. నలుగురిలో ఒక్కడైనా ఎప్పుడైనా సిగరెట్ మానాడా అని నాకు గట్టి అనుమానం.

నేను మానాను. ఏడేళ్ళయింది. మొదటి రోజు హీరోలా ఉంటుంది, కనబడినవాళ్ళందరికీ చెబుతాం. మూడో రోజు మొదలవుతుంది అసలు సినిమా. నేను టీ కూడా మానెయ్యాల్సి వచ్చింది కొన్నాళ్ళు, ఎందుకంటే ఒక చేతిలోకి టీ వస్తే రెండో చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది. ఆఫీసులో పెన్నులన్నీ చివర్లు కొరికేసి ఉండేవి. ఎవరు ఏమడిగినా కసురుకునేవాణ్ణి, మా ఆవిడ రెండో వారంలో ‘మీరు తాగినా ఫర్వాలేదు, మామూలుగా ఉండండి చాలు’ అంది. ఇందులో ఎంత కామెడీ ఉందో చూడండి, ఏడుపు కామెడీ. తాగేవాడి గోల ఊరంతా చూస్తుంది, మానేవాడి గోల ఇంట్లోవాళ్ళే చూస్తారు. నాలుగు అలవాట్లు ఒకేసారి మానే అరవై ఏళ్ళవాడి ఇల్లు ఎలా ఉండాలి? రోజ్ పరిస్థితి ఏమిటి? కోటి డాలర్ల కోసం ఆవిడ మొగుణ్ణి కాపలా కాయాలా, జాలిపడాలా? సాయంత్రం ఆరయ్యేసరికి స్నేహితులంతా చేరే చోటికి వెళ్ళి నీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చున్నవాడికి ఎలా ఉంటుంది, వాళ్ళకెలా ఉంటుంది? కష్టం అసలు చూపించలేదని కాదు, మాంటీ చెమటలు కక్కడం, నోరూరి గుటకలు మింగడం ఉన్నాయి. కానీ అవన్నీ ఎక్కడికక్కడ ముక్కలు. ఒకటి అయిపోగానే దాని సంగతి అందరూ మర్చిపోతారు, పాపం మాంటీ కూడా. నెలలు గడుస్తున్నట్టే ఉండదు. గడియారం టిక్కుటిక్కుమనాల్సిన కథలో గడియారమే లేదు.

దీనికి కారణం డైరెక్టర్ అంతకుముందు చేసిన పనిలో కూడా ఉంది. జేమ్స్ సిగ్నొరెల్లి ‘సాటర్‌డే నైట్ లైవ్’ అనే అమెరికన్ టీవీ కామెడీ షోలో దొంగ యాడ్స్, అంటే యాడ్‌లని వెక్కిరించే చిన్న చిన్న ఫిల్ములు తీసిన మనిషి. ఇది ఆయన మొదటి సినిమా. రెండు నిమిషాల్లో నవ్వించి పక్కకి తప్పుకోవడం ఆయనకి బాగా వచ్చు. కాబట్టి సినిమా కూడా స్కిట్లు గుచ్చిన దండలా ఉంది, దారం మాత్రం అక్కడక్కడా తెగి వేలాడుతోంది. ఆ దృష్టితో చూస్తే, మాంటీ వేసుకునే బట్టల్లాంటివే మోడల్స్ వేసుకుని ర్యాంప్ మీద నడిచే ఫ్యాషన్ షో ఎందుకు అంత బాగుందో అర్థమవుతుంది. అది అచ్చంగా ఒక దొంగ యాడే. పొట్ట కనబడే చొక్కాలు, ఏ రంగుకి ఏ రంగూ పొసగని ప్యాంట్లు, వాటిని పెద్ద కళలా వర్ణించడం. సినిమా అంతా ఆపి ఆ ఒక్క బిట్ చూపించినా నవ్వుతారు.

ఇదే కొలతతో డబ్బు ఖర్చుపెట్టే కథల్ని చూడండి. 1902లో జార్జ్ బార్ మెకచన్ రాసిన ‘బ్రూస్టర్స్ మిలియన్స్’ నవల నుంచి పుట్టిన పిల్లలన్నీ ఆ రకమే. మన 1954 నాటి ‘వద్దంటే డబ్బు’లో ఎన్టీఆర్ దగ్గర్నుంచి, ముప్ఫై రోజుల్లో ముప్ఫై కోట్లు తగలెయ్యాల్సిన 1997 ‘అరుణాచలం’ రజనీకాంత్ దాకా. అక్కడ హీరో చెయ్యాలి. ఎలక్షన్లో నిలబడాలి, సినిమా తియ్యాలి, పార్టీలివ్వాలి, ఎంత తగలేసినా ఇంకా మిగులుతుంది, అదే టెన్షన్. ఇక్కడేమో హీరో చెయ్యకూడదు. చెయ్యకపోవడాన్ని తెర మీద చూపించడం చాలా కష్టం, అందులోనూ చెయ్యడమే తన కామెడీ అయినవాడితో. డేంజర్‌ఫీల్డ్‌ని చూడ్డానికి వచ్చినవాడు ఆయన తాగుతూ తింటూ నోటికొచ్చింది వాగుతూ ఉండగా చూడ్డానికే వచ్చాడు. షరతు పెట్టింది మాంటీకి గానీ శిక్ష పడింది మనకి. ఇదే మనిషి 1980 ‘క్యాడీషాక్’లో గోల్ఫ్ క్లబ్బు పెద్దమనుషుల మధ్యకి అంబోతులా దూరిపోయే డబ్బున్నవాడు, 1986 ‘బ్యాక్ టు స్కూల్’లో కొడుకుతో పాటు కాలేజీలో చేరిపోయే డబ్బున్న తండ్రి. రెండింట్లోనూ డబ్బు ముందే ఉంది కాబట్టి ఆయన్ని ఆపేవాడు లేడు. మధ్యలో వచ్చిన ‘ఈజీ మనీ’ ఒక్కదాంట్లోనే ముకుతాడు వేశారు. ఎద్దు కూర్చుండిపోయింది.

పిట్టకథలు రెండున్నాయి. ఒకటి విలన్‌ది. స్టోరు వ్యవహారాల్లో పెద్ద తలకాయ అయిన క్లైవ్, మాంటీ ఎప్పుడు జారిపడతాడా అని కాచుకుని ఉంటాడు. జెఫ్రీ జోన్స్ వేశాడు. పైకి ఇస్త్రీ మడత నలగని మనిషి, లోపల ఆవురావురుమంటూ ఉంటాడు, చూస్తే మజాగానే ఉంటుంది. కానీ మాంటీకి విలన్ ఎందుకసలు? నాలుక, గొంతు, చేతివేళ్ళు చాలవా?

రెండోది కూతురి కథ, ఇది మాత్రం నిజంగా ఇబ్బంది పెట్టింది. కూతురు అలిసన్ పోర్టోరికో కుర్రాడు హూలియోని చేసుకుంటుంది, శోభనం రాత్రే భయపడి పుట్టింటికి పారిపోయి వస్తుంది. అతను ఆమెని మళ్ళీ తీసుకెళ్ళడానికి నానా తంటాలు పడతాడు. అమ్మాయి భయాన్ని నవ్వులాటగా, అబ్బాయి జాతిని వెక్కిరింతగా వాడేశారు. ఆ రోజుల్లో నవ్వారేమో గానీ ఇప్పుడు చూస్తుంటే రిమోట్ వెతుక్కున్నాను. అలిసన్‌గా వేసిన జెనిఫర్ జేసన్ లీ తర్వాత ఎంత నటి అయిందో తెలిసినవాళ్ళకి ఇంకా బాధ. హూలియోగా టేలర్ నెగ్రాన్ మాత్రం తనకిచ్చిన చెత్తలోంచి కూడా నాలుగు నవ్వులు ఏరుకున్నాడు, అతని మొహమే అంత.

పాట ఒక్కటి చెప్పాలి. బిల్లీ జోయెల్ ‘ఈజీ మనీ’ పాట, అదే ఏడాది వచ్చిన ఆయన ఆల్బమ్ ‘యాన్ ఇన్నొసెంట్ మ్యాన్’లో మొదటి పాట. బాకాలతో హుషారుగా, గొంతు చించుకుని పాడతాడు. సినిమా కంటే పాటకే వేగం ఎక్కువ. సినిమా మర్చిపోయాను, పాట రెండు రోజులు నోట్లోనే ఉంది.

ఇంకొకటి, కామెడీ రివ్యూలో ఇలాంటిది రాయకూడదు గానీ రాస్తా. ఏళ్ళ తరబడి రోజూ గట్టిగా తాగేవాడు మాంటీలా ఉన్నపళంగా మానెయ్యడం సినిమాలో బాగుంటుంది, బయట ప్రమాదం. ఒణుకు, ఫిట్స్, లేనివి కనబడటం దాకా వెళ్ళొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టర్‌ని అడిగి మానాలి. అత్తగారు ఆస్తి రాసినా సరే.

ఇక ముగింపు చెప్పేస్తున్నా, చూడాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి. నలభై ఏళ్ళు దాటిన సినిమా, దాచడానికి నాకు ఓపిక లేదు.

అత్తగారు చావలేదు. మాంటీని దారికి తేవడానికి ఆడిన నాటకం అది. ఏడాది గడిచి, అల్లుడు సన్నబడి మనిషయ్యాక ఆవిడ తిరిగొస్తుంది. మన దగ్గర ఒక సామెత ఉంది కదా, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని. అల్లుడి పుడకల దాకా ఆగే ఓపిక లేక ఈవిడ తన పుడకలతోనే ప్రయత్నించింది. అంత చేసినా ఫలితం ఏమిటంటే, అందరూ పెద్ద భవంతిలో కాపురం, డైనింగ్ టేబుల్ దగ్గర మాంటీ శుభ్రమైన బట్టల్లో, శుభ్రమైన మాటలతో, శుభ్రమైన తిండి తింటూ ఉంటాడు. తర్వాత నెమ్మదిగా లేచి నేలమాళిగలోకి దిగుతాడు. కింద నిక్కీ, మిగతా గ్యాంగ్, బీరు, పిజ్జా, పేకాట, అన్నీ రెడీ. టై జారిపోతుంది, మెడ మళ్ళీ తిరగడం మొదలవుతుంది.

నాకు సినిమా మొత్తంలో బాగా నచ్చిన చోటు అదే. బాగుపడ్డాడని నీతి చెప్పలేదు, బాగుపడలేదని నీతి కూడా చెప్పలేదు. పైన అత్తగారికి మర్యాద, కింద స్నేహితులకి మనిషి. మెట్లు మాత్రం పెట్టారు మధ్యలో. ఇదే మెట్ల మీద ఇంకో అరగంట నడిపించి ఉంటే, అంటే వీలునామా పడ్డ రోజు నుంచే మాంటీ పైకీ కిందకీ తిరుగుతూ ఉంటే ఎంత బాగుండేదో. ఆఖరి రెండు నిమిషాల్లో దొరికింది వాళ్ళకి సినిమా.

ఎవరు చూడొచ్చంటే, స్టేజీ మీద ఒక్కడే నిలబడి నవ్వించేవాళ్ళంటే ఇష్టమున్నవాళ్ళు, జో పెషీ అభిమానులు, రాత్రి పదకొండు దాటాక బుర్రకి పని చెప్పని సినిమా కావాలనుకునేవాళ్ళు. కథ కోసం చూడొద్దు. పెళ్ళి కేకు, ఫ్యాషన్ షో, ఆఖరి నేలమాళిగ, ఈ మూడూ ఏరుకుని చూసినా నష్టం లేదు. అయిదుకి రెండున్నర ఇస్తా, అందులో రెండు డేంజర్‌ఫీల్డ్ కళ్ళకి.

రెండోసారి చూసినప్పుడు మా ఆవిడ కూడా మధ్యలో వచ్చి పక్కన కూర్చుంది. పెద్దగా నవ్వలేదు, బట్టలు మడతపెడుతూ చూసింది. ఆఖర్లో మాంటీ మెట్లు దిగుతుంటే మాత్రం తలెత్తి నా వైపు చూసింది. నేను సిగరెట్ మానేసిన దగ్గర్నుంచీ రోజూ రాత్రి భోజనం అయ్యాక పది నిమిషాలు బాల్కనీలో ఉత్తి చేతుల్తో నిలబడి వస్తుంటాను, ఆ అలవాటు మాత్రం పోలేదు.

“మీ బాల్కనీకి కూడా ఒకసారి రావాలి నేను, చెప్పకుండా” అంది.